ముందు కాయితం, తర్వాత పైకం



గేదెను కొనేటప్పుడు మనం ఎన్ని చూస్తాం? పళ్ళు చూస్తాం. పొదుగు చూస్తాం. సుడులు చూస్తాం. రెండు పూటలా పాలు పిండి చూస్తాం. ఆ తర్వాతే కొంగుముడి విప్పుతాం.

పాత బండి కొనేటప్పుడు కూడా అంత జాగ్రత్తా ఉండాలి. కానీ బండికి పళ్ళు లేవు. దాని వయసు ఎంత? దాని యజమాని ఎవరు? దాని మీద అప్పు ఉందా? ఇవన్నీ కాయితాల్లోనే ఉంటాయి. చదువు రాని రోజుల్లో ఆ కాయితాలు ఎవరో చూసి మనకు చెప్పేవాళ్ళు. వాళ్ళు చెప్పిందే మనకు నిజం. ఇప్పుడు మనమే చూడగలం.

బండి పక్క రాష్ట్రానిది అయితే ఇంకొక కాయితం ఎక్కువ కావాలి. ఆ కాయితం ఏమిటి? దాన్ని ఎవరు ఇస్తారు? అది లేకపోతే ఏమవుతుంది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

సైడ్ కారు బండి

స్కూటరుకు గానీ, మోటారు సైకిలుకు గానీ పక్కన తగిలించే చిన్న బండిని సైడ్ కారు అంటారు. దానికి ఒక చక్రం ఉంటుంది. లోపల ఒక సీటు ఉంటుంది. ఇంజను ఉండదు. స్కూటరు నడిస్తే అదీ నడుస్తుంది.

ఒకప్పుడు మన పట్టణాల్లో బజాజ్ చేతక్ స్కూటరుకు సైడ్ కారు తగిలించుకొని ఇంటిల్లిపాదీ సినిమాకు పోయేవాళ్ళు. ఆ పాత రకం పెట్రోలు చేతక్ ఇప్పుడు తయారు కావడం లేదు. 2020 నుంచి అదే పేరుతో వస్తున్నది కరెంటు స్కూటరు. అందువల్ల అలాంటి సైడ్ కారు స్కూటరు కావాలంటే పాతదే వెతుక్కోవాలి. అది మన ఊళ్ళోనే దొరకాలని లేదు.

సైడ్ కారు బండికి ఆటో లైసెన్సు కావాలా? అక్కరలేదు. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఉంది. తగిలించి తీసే సైడ్ కారు కూడా మోటారు సైకిలులో భాగమేనని ఆ చట్టం చెబుతుంది. గేర్ల మోటారు సైకిలు లైసెన్సు ఉంటే చాలు. ఆడవాళ్ళు కూడా ఆ లైసెన్సు తీసుకోవచ్చు.

లక్ష్మమ్మ కథ

ఒక ఉదాహరణ చూద్దాం. రాయదుర్గంలో లక్ష్మమ్మ అనే అక్క ఉందనుకుందాం. ఆమె జీన్స్ ప్యాంట్లు కుడుతుంది. వాళ్ళ అత్తకు పక్షవాతం వచ్చింది. ఎడమ కాలు చచ్చుబడింది. వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తీసుకుపోవాలి. స్కూటరు వెనక సీటు మీద అత్త కూర్చోలేదు. పోనూ రానూ ఆటో అంటే కుట్టిన కూలి అంతా దానికే పోతుంది.

సైడ్ కారు అయితే అత్త కాళ్ళు చాపుకొని కూర్చోవచ్చు. లక్ష్మమ్మకు స్కూటరు నడపడం వచ్చు. లైసెన్సు ఉంది. పొదుపు సంఘంలో 40 వేల రూపాయలు అప్పు తీసుకుంది. బళ్ళారిలో ఒక సైడ్ కారు స్కూటరు అమ్మకానికి ఉందని తెలిసింది. ధర 36 వేలు.

బళ్ళారి దూరం ఏమీ కాదు. రాయదుర్గంలో బస్సెక్కితే అదే రోజు పోయి రావచ్చు. అక్కడ బజారులో తెలుగు కూడా వినపడుతుంది. అయినా రాయదుర్గం ఆంధ్రప్రదేశ్, బళ్ళారి కర్ణాటక. నడుమ గోడ లేదు, కంచె లేదు. కానీ బండి కాయితాలకు అక్కడ గీత ఉంది.

లక్ష్మమ్మ బండి చూసింది. అత్త కూర్చుని చూసింది. అత్తకు నచ్చింది. అమ్మే ఆయన పక్కన ఒక బ్రోకరు ఉన్నాడు. ఆయన ఇలా అన్నాడు.

"అమ్మా! డబ్బిచ్చి బండి తీసుకుపో. ఫారాల మీద మా అన్న సంతకం పెట్టిస్తా. కాయితాలు నిదానంగా చేయించుకోవచ్చు. ఈ ధరకు మళ్ళీ దొరకదు. నిన్ననే ఇంకొకరు వచ్చి అడిగి పోయినారు."

లక్ష్మమ్మ భర్త కూడా మెత్తబడ్డాడు. "ఇచ్చేద్దామే, బండి పోతుంది" అన్నాడు.

లక్ష్మమ్మ అంది: "అన్నా, బండి బాగుంది. బేరం కూడా సరే. కానీ నేను సంఘంలో అప్పు తెచ్చుకున్నా. నెల నెలా కట్టాలి. కాయితం మీద నా పేరు లేకపోతే అప్పు నాది అవుతుంది, బండి నాది కాదు. ముందు ఆర్.సి. చూపించండి."

ఆర్.సి. చదువుదాం

ఆర్.సి. అంటే బండి రిజిస్ట్రేషన్ పత్రం. కొందరు సి బుక్కు అంటారు. ఇప్పుడు కార్డు రూపంలో కూడా వస్తుంది. మనిషికి ఆధార్ ఎలాగో బండికి ఆర్.సి. అలాగ. దానిలో ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ఇంగ్లీషు రాకపోయినా భయపడవద్దు. అంకెలు మనకు తెలిసినవే. పేర్లు చదవడానికి బడికి పోయే పిల్లను పక్కన కూర్చోబెట్టుకోండి.

ఆర్.సి.లో ఐదు సంగతులు చూడాలి.

1. బండి నెంబరు. కె.ఎ. 34 అని మొదలైతే అది బళ్ళారిలో రిజిస్టరైన బండి. కె.ఎ. అంటే కర్ణాటక.

2. యజమాని పేరు. అమ్మే మనిషి పేరూ, ఆర్.సి.లో ఉన్న పేరూ ఒకటేనా? ఆధార్ కార్డు చూపమని అడగండి. పేరు వేరైతే ఆగండి. ఆర్.సి.లో ఎవరి పేరుందో వాళ్ళే వచ్చి సంతకం పెట్టాలి.

3. గడువు తేదీ. కొత్త బండికి ఆర్.సి. 15 ఏళ్ళు పనిచేస్తుంది. ఆ తర్వాత 5 ఏళ్ళకు ఒకసారి పొడిగించుకోవాలి. 2004లో రిజిస్టరైన బండికి 2019లో 15 ఏళ్ళు నిండాయి. పొడిగిస్తే 2024 వరకు. మళ్ళీ పొడిగిస్తే 2029 వరకు. గడువు దాటిన బండి రోడ్డెక్కకూడదు. అమ్మేవారి చేతనే పొడిగింపు చేయించుకోవాలి.

4. ఇంజను నెంబరు, చాసిస్ నెంబరు. ఇవి బండి మీద కూడా చెక్కి ఉంటాయి. వీటి సంగతి తర్వాత చెప్పుకుందాం.

5. అప్పు. బండిని అప్పు మీద కొంటే, అప్పిచ్చిన బ్యాంకు పేరో ఫైనాన్సు కంపెనీ పేరో ఆర్.సి.లో రాస్తారు.

లక్ష్మమ్మ ఆర్.సి. చూసింది. కూతురు చదివి చెప్పింది. అందులో ఒక బ్యాంకు పేరు ఉంది.

"అన్నా, ఇదేమిటి?" అని అడిగింది.

"ఎప్పుడో తీర్చేసిన అప్పమ్మా. పదిహేనేళ్ళు దాటింది" అన్నాడు అమ్మే ఆయన.

ఆయన చెప్పింది నిజమే కావచ్చు. చాలామంది అప్పు తీరుస్తారు గానీ ఆర్.సి. మీద కొట్టించుకోరు. కానీ ఆ పేరు ఉన్నంతవరకు, బ్యాంకు ఒప్పుకోనిదే బండిని మన పేరు మీదికి మార్చరు. బ్యాంకు వాళ్ళు అప్పు తీరిందని ఉత్తరం ఇవ్వాలి. 35వ నెంబరు ఫారం మీద సంతకం పెట్టాలి. అది ఆర్.టి.ఓ. ఆఫీసులో ఇస్తే బ్యాంకు పేరు కొట్టేస్తారు. ఇది అమ్మేవాళ్ళు చేయించాల్సిన పని. డబ్బు చేతికి వచ్చాక ఆ పని కోసం ఎవరు తిరుగుతారు?

గీత దాటించే కాయితం

ఇప్పుడు అసలు కాయితం దగ్గరికి వద్దాం. దాని పేరు ఎన్.ఓ.సి. అంటే 'మాకు అభ్యంతరం లేదు' అని ఇచ్చే పత్రం.

ఆడపిల్ల కాపురానికి పోతే పుట్టింటి రేషను కార్డులో పేరు తీయించి, అత్తింటి కార్డులో చేర్పిస్తాం. బండికీ అలాగే. బళ్ళారి ఆర్.టి.ఓ. ఆఫీసు లెక్కలోంచి దాన్ని పంపించాలి. మన ఆర్.టి.ఓ. ఆఫీసు లెక్కలో చేర్చుకోవాలి. పంపేవాళ్ళు ఇచ్చేదే ఎన్.ఓ.సి.

ఎన్.ఓ.సి. కోసం బండి రిజిస్టరైన ఆఫీసులో, అంటే బళ్ళారిలో అర్జీ పెట్టాలి. ఆర్.సి.లో పేరున్న యజమాని పెట్టాలి. అర్జీ ఫారం నెంబరు 28. బండి మీద టాక్సు బాకీ ఉందా, బండి దొంగతనం కేసులో ఉందా, అప్పిచ్చినవాళ్ళ అభ్యంతరం ఉందా అని ఆఫీసు వాళ్ళు చూస్తారు. అర్జీ ఇచ్చిన 30 రోజుల్లోపల ఎన్.ఓ.సి. ఇవ్వాలి, లేదా ఎందుకు ఇవ్వరో రాసి చెప్పాలి. చట్టం అలా చెబుతుంది. అందుకే అర్జీ అందినట్టు రశీదు తీసుకోవాలి.

బండి ఏ ఆఫీసుకు పోతున్నదో ఎన్.ఓ.సి.లో రాస్తారు. మన ఊరు ఏ ఆర్.టి.ఓ. ఆఫీసు కిందికి వస్తుందో ముందే కనుక్కొని, ఆ పేరే రాయించాలి. వేరే ఆఫీసు పేరు రాస్తే మళ్ళీ తిరగాలి.

ఎన్.ఓ.సి. లేకుండా బండి తెచ్చుకుంటే ఏమవుతుంది? బండి మన వాకిట్లో ఉంటుంది. పేరు మాత్రం వాళ్ళదే ఉంటుంది. మన ఆఫీసు వాళ్ళు దాన్ని రాసుకోరు. రేపు మనం అమ్ముదామంటే అమ్మలేం. ప్రమాదం జరిగితే బీమా డబ్బు కోసం వాళ్ళ గడప తొక్కాలి. వాళ్ళు ఊరు మారితే ఎక్కడని వెతుకుతాం?

అమ్మినవాళ్ళకు కూడా ఇది ముప్పే. బండి చేతులు మారినా ఆర్.సి.లో పేరు మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు ఆర్.సి.లో పేరున్న మనిషే యజమాని, పరిహారం బాధ్యత ఆయనదే అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మాట అమ్మేవాళ్ళకు చెప్పండి. "అన్నా, ఇది నా కోసమే కాదు, నీ కోసం కూడా" అని చెప్పండి. బేరం చెడకుండానే పని జరుగుతుంది.

లక్ష్మమ్మ ఆ మాటే చెప్పింది. అమ్మే ఆయన కాసేపు ఆలోచించాడు. బ్రోకరు గొణిగాడు. చివరికి ఆయన "సరేనమ్మా, బ్యాంకు ఉత్తరం తెస్తా, ఎన్.ఓ.సి. తీస్తా. నాకు అడ్వాన్సు ఇచ్చిపో" అన్నాడు. లక్ష్మమ్మ 3 వేలు ఇచ్చింది. ఫోనులో ఆయన బ్యాంకు ఖాతాకే పంపింది. రశీదు రాయించుకుంది.

నెల రోజులకు పైగా పట్టింది. ఆ నెలంతా అత్తను ఆటోలోనే తీసుకుపోయింది. "డబ్బు దగ్గర పెట్టుకొని ఆటోలకు తగలేస్తున్నావు" అని ఇంట్లో మాటలు వచ్చాయి. లక్ష్మమ్మ ఓర్చుకుంది. కాయితాలు చేతికి వచ్చిన రోజు మిగతా 33 వేలు ఇచ్చింది. బండి తెచ్చుకుంది.

నాలుగు నెంబర్లు గుర్తు పెట్టుకోండి

27, 28, 29, 30. వరసగా నాలుగు అంకెలు. ఇవి నాలుగు ఫారాలు.

28: అక్కడి నుంచి బండిని పంపించే ఎన్.ఓ.సి. ఫారం.
29: బండి అమ్మేశాను అని అమ్మినవాళ్ళు తెలిపే ఫారం.
30: పేరు మార్చండి అని అడిగే ఫారం.
27: మన రాష్ట్రం నెంబరు ఇవ్వండి అని అడిగే ఫారం.

వీటికి తోడు, అప్పు ఉన్న బండికి 35.

ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టవద్దు. పెట్టించుకోవద్దు. బండి నెంబరు, పేర్లు, తేదీ రాసిన తర్వాతే సంతకం.

గడువులు కూడా ఉన్నాయి. పక్క రాష్ట్రం బండిని అమ్మినవాళ్ళు 45 రోజుల్లోపల ఆ సంగతి తెలపాలి. కొన్నవాళ్ళు 30 రోజుల్లోపల పేరు మార్చమని అర్జీ పెట్టాలి. బీమా మన పేరు మీదికి మార్చమని 14 రోజుల్లోపల బీమా కంపెనీకి రాయాలి. ఇంట్లో క్యాలెండరు మీద ఆ తేదీలకు సున్నా చుట్టి పెట్టుకోండి.

"వేరే రాష్ట్రం బండి 12 నెలల దాకా తిప్పుకోవచ్చు" అని కొందరు అంటారు. అది బండిని అమ్మకుండా, తన బండినే తెచ్చుకొని వేరే రాష్ట్రంలో ఉంటున్న వాళ్ళ మాట. కొన్నవాళ్ళకు పేరు మార్పు గడువు 30 రోజులే.

టాక్సు సంగతి మరిచిపోవద్దు. అక్కడ కట్టిన టాక్సు ఇక్కడికి రాదు. మన రాష్ట్రంలో బండి వయసును బట్టి మళ్ళీ కట్టాలి. కాబట్టి బేరం ఆడే ముందే మన ఆర్.టి.ఓ. ఆఫీసుకు ఒకసారి పోండి. మూడు ప్రశ్నలు అడగండి. ఇంత వయసు బండిని ఇక్కడ రాసుకుంటారా? టాక్సు ఎంత? ఫీజులు ఎంత? ఆ మొత్తాన్ని ధరకు కలిపి చూడండి. 36 వేల బండి నిజంగా ఎంత పడుతుందో అప్పుడు తెలుస్తుంది.

పెన్సిలు చేసే మేలు

ఇంజను నెంబరు, చాసిస్ నెంబరు ఎక్కడ ఉన్నాయో మెకానిక్‌ను చూపమనండి. బురద ఉంటే తుడవండి. ఒక పల్చని తెల్ల కాయితం ఆ నెంబరు మీద పెట్టండి. పెన్సిలుతో మెల్లగా రుద్దండి. నెంబరు కాయితం మీదికి దిగుతుంది. ఆర్.సి. పక్కన పెట్టి ఒక్కొక్క అంకే సరిచూడండి. 3 ఉండాల్సిన చోట 8 ఉన్నా, 1 ఉండాల్సిన చోట 7 ఉన్నా కొనవద్దు. చెక్కిన చోట గీకినట్టు, మళ్ళీ కొట్టినట్టు ఉన్నా కొనవద్దు. అది దొంగ బండి కావచ్చు.

ఆర్.టి.ఓ. ఆఫీసు వాళ్ళు కూడా ఈ పెన్సిలు అచ్చు అడుగుతారు. కాబట్టి ఇంకొకటి తీసి దాచండి.

ఫోను ఉన్నవాళ్ళు ఎం-పరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో బండి నెంబరు కొట్టి చూడవచ్చు. గడువు, బీమా వివరాలు కనపడతాయి.

పాత బండ్ల వ్యాపారి దగ్గర కొంటున్నారా? 2023 ఏప్రిల్ 1 నుంచి అలాంటి వ్యాపారికి ఆర్.టి.ఓ. అనుమతి పత్రం ఉండాలని నియమం వచ్చింది. ఆ పత్రం చూపమని అడగండి.

సైడ్ కారును చూడటం

కాయితాలు బాగుంటే సరిపోదు. బండి కూడా బాగుండాలి. మెకానిక్‌ను వెంట తీసుకుపోండి. ఆయన కూలి ఇచ్చినా నష్టం లేదు.

స్కూటరుకు సైడ్ కారును కలిపే ఇనుప కడ్డీలు చూడండి. వెల్డింగు దగ్గర చీలిక ఉందా? బోల్టులు వదులుగా ఉన్నాయా? మ్యాటు ఎత్తి కింద రేకు చూడండి. తుప్పు పట్టి చిల్లులు పడి ఉంటే మనిషి బరువు ఆగదు. టైర్లు ఒక పక్కనే అరిగి ఉంటే సైడ్ కారు వంకరగా బిగించారని అర్థం.

ఆర్.సి.లో సైడ్ కారు సంగతి ఉందా? లేకపోతే దాన్ని సొంతంగా తగిలించుకొని ఉంటారు. అలాంటప్పుడు కొనకముందే ఆర్.టి.ఓ. ఆఫీసులో అడగాలి. బండి ఆకారం మార్చాలంటే వాళ్ళ అనుమతి ఉండాలి. బీమా కంపెనీకి కూడా సైడ్ కారు ఉందని చెప్పి రాయించుకోవాలి.

సైడ్ కారు స్కూటరు ఒంటి స్కూటరులాగా నడవదు. మలుపులో పక్కకు వంగదు. హ్యాండిలుతోనే తిప్పాలి. ఎడమకు వేగంగా తిప్పితే ఖాళీ సైడ్ కారు చక్రం గాలిలోకి లేస్తుంది. యాక్సిలేటరు ఇస్తే బండి ఎడమకు లాగుతుంది. బ్రేకు వేస్తే కుడికి లాగుతుంది. నేర్చుకునే రోజుల్లో సైడ్ కారులో ఇసుక మూట వేసి, ఖాళీ మైదానంలో తిప్పండి. చేయి కుదిరాకే మనుషులను ఎక్కించండి. నడిపేవాళ్ళకే కాదు, సైడ్ కారులో కూర్చున్నవాళ్ళకు కూడా హెల్మెట్ ఉండాలి.

రశీదు ఎలా రాయాలి?

లక్ష్మమ్మ రాయించుకున్న రశీదు ఇలా ఉంటుంది. ఖాళీలు మీరు నింపి చూడండి.

తేదీ: ............
నా పేరు ............, ఊరు ............. నా స్కూటరు నెంబరు ............. ఇంజను నెంబరు ............. చాసిస్ నెంబరు ............. ఈ స్కూటరును సైడ్ కారుతో సహా ............ గారికి ............ రూపాయలకు అమ్మడానికి ఒప్పుకున్నాను. ఈ రోజు అడ్వాన్సు ............ రూపాయలు ముట్టింది. ఎన్.ఓ.సి., బ్యాంకు ఉత్తరం, సంతకం చేసిన ఫారాలు ఇచ్చిన రోజు మిగతా ............ రూపాయలు తీసుకుంటాను. ............ తేదీలోగా ఎన్.ఓ.సి. ఇవ్వలేకపోతే అడ్వాన్సు తిరిగి ఇస్తాను.
సంతకం: ............ సాక్షులు: 1. ............ 2. ............

డబ్బు అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయాలి. 3,000 అని రాసి, పక్కనే 'మూడు వేల రూపాయలు' అని రాయాలి. అంకెను దిద్దడం తేలిక. అక్షరాలను దిద్దడం కష్టం.

బళ్ళారిలో రశీదు కన్నడంలో రాయవచ్చు. కన్నడ అక్షరాలు మన అక్షరాలకు అక్కచెల్లెళ్ళు. కూడబలుక్కుంటే సగం తెలుస్తుంది. కానీ సగం తెలిసిన కాయితం మీద సంతకం పెట్టకూడదు. తెలుగులో కూడా ఒక కాపీ రాయమనండి.

కొత్త గీతలు, దూరపు గీతలు

పక్క రాష్ట్రం అంటే కర్ణాటకే కాదు. 2014 జూన్ 2న తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాలు అయ్యాయి. అంతకుముందు కోదాడలో బండి కొని జగ్గయ్యపేటకు తెచ్చుకుంటే అది మన రాష్ట్రం బండే. ఇప్పుడు అది పక్క రాష్ట్రం బండి. భాష ఒకటే, బంధువులు ఒకటే. కానీ ఎన్.ఓ.సి. కావాలి. తెలంగాణ బండి మీద టి.ఎస్. అని గానీ, 2024 మార్చి నుంచి రిజిస్టరైన వాటి మీద టి.జి. అని గానీ ఉంటుంది. పాత వాటి మీద ఎ.పి. అనే ఉండవచ్చు. అందుకే బండి మీది అక్షరాలు చూసి ఊరుకోవద్దు. ఆర్.సి.లో ఏ ఆఫీసు పేరుందో చదవండి.

మరి దేశం సరిహద్దు దాటితే? మన రాయలసీమ నుంచి ఎంతోమంది కువైట్ పోయారు. అక్కడ ఉన్న తమ్ముడు "అక్కా, ఇక్కడ పాత సైడ్ కారు చవకగా ఉంది, పంపిస్తా" అన్నాడనుకోండి. అది అంత తేలిక కాదు. విదేశాల నుంచి మామూలుగా తెచ్చే పాత బండి మూడేళ్ళ కన్నా పాతది కాకూడదని మన దేశం నియమం. పైగా కస్టమ్స్ సుంకం భారీగా ఉంటుంది. ఓడ ఖర్చు వేరే.

ఇంకొక సంగతి ఉంది. మన దేశంలో బండ్లు రోడ్డుకు ఎడమ పక్కన పోతాయి. అందుకే మన సైడ్ కారు ఎడమ పక్కన ఉంటుంది. కువైట్‌లో బండ్లు కుడి పక్కన పోతాయి. అక్కడి సైడ్ కారు కుడి పక్కకు తగిలించేలా చేస్తారు. దాన్ని ఇక్కడికి తెస్తే కూర్చున్న మనిషి రోడ్డు నడుమకు వస్తుంది, ఎదురు లారీల వైపు. ఉచితంగా ఇచ్చినా అది మనకు పనికిరాదు. తమ్ముడిని ఆ డబ్బే పంపమనండి.

గుర్తుంచుకోండి

బండి తాళం చేతికి వస్తే బండి మనది కాదు. ఆర్.సి. మీద మన పేరు వస్తే మనది.
ఎన్.ఓ.సి. చేతికి రాకముందు మొత్తం డబ్బు ఇవ్వవద్దు.
బీమా, పొల్యూషన్ పత్రం లేని బండిని రోడ్డెక్కించవద్దు.
ఇంట్లో ఎవరు నడిపినా, అప్పు మీరు తెస్తే బండి మీ పేరు మీద రాయించుకోండి.

కొత్త మాటలు

ఆర్.సి.: బండి రిజిస్ట్రేషన్ పత్రం
ఎన్.ఓ.సి.: అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం
గడువు: పని పూర్తి చేయాల్సిన చివరి తేదీ
చాసిస్: బండి చట్రం
సుంకం: సరుకు దేశంలోకి వచ్చేటప్పుడు కట్టే పన్ను

జవాబులు చెప్పండి

1. లక్ష్మమ్మ బండిని ఆ రోజే ఎందుకు తెచ్చుకోలేదు?
2. ఎన్.ఓ.సి. ఏ ఆఫీసులో తీసుకోవాలి? దానికి ఎవరు అర్జీ పెట్టాలి?
3. ఒక బండి 2011లో రిజిస్టరైంది. 15 ఏళ్ళు ఏ సంవత్సరంలో నిండుతాయి?
4. బండి ధర 36 వేలు. అడ్వాన్సు 3 వేలు ఇచ్చాం. ఇంకా ఎంత ఇవ్వాలి? అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయండి.
5. అమ్మేవాళ్ళు "పేరు తర్వాత మార్చుకోవచ్చు" అంటే మీరు ఏమంటారు? మీ మాటల్లో రాయండి.

చేయండి

మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ ఉన్న బండి ఆర్.సి. తీసుకోండి. ఎవరి పేరు ఉంది? గడువు ఎప్పటిదాకా? బ్యాంకు పేరు ఉందా? బండి మీది నెంబరు పెన్సిలుతో దింపి సరిచూడండి. తేడా కనపడితే, పేరు పాతవాళ్ళదే ఉంటే, వచ్చే వారం చదువు కేంద్రానికి ఆ కాయితాలు తీసుకురండి. అందరం కలిసి అర్జీ రాద్దాం.